అంబులెన్సు: పుట్టుక, పలుకు



సంగనకల్లులో నా తరగతి పిల్లవాడొకడు పాఠం చదువుతూ ‘అంబులెన్సు’ అన్నాడు. బళ్లారిలో చదివి వచ్చిన మరొకడు, “ఆంబ్యులెన్స్ అనాలిరా” అని నవ్వాడు. ఆ రోజునుంచి మొదటివాడు పైకి చదవడం మానేశాడు.

నిజానికి ఇది ఫ్రెంచి మాట. సైన్యం వెంట కదిలే ఆసుపత్రికి ఆ పేరుండేది. దాని మూలం నడవడం అనే అర్థంగల లాటిన్ ధాతువు. యుద్ధం సాగుతుండగానే గాయపడినవారిని తెచ్చే తేలికపాటి గుర్రపుబండ్లను 1792లో దొమినిక్ లారే అనే సైనిక వైద్యుడు తలపెట్టాడు. వాటిని ‘ఎగిరే అంబులెన్సులు’ అన్నారు. 1850లలో, క్రిమియా యుద్ధకాలంలో, ఇంగ్లీషులో ఆ మాట బండికి వచ్చింది.

ఫ్రెంచిలో దీనికి మూడే అక్షరాలు: ఆఁ-బ్యు-లాఁస్. మకార నకారాలు విడిగా పలకవు. ఆ అచ్చులే ముక్కుతో పలుకుతాయి, మన అరసున్నలాగా. నడిమి అచ్చుకు మనకు గుర్తు లేదు. పెదవులు ‘ఉ’కు లాగా గుండ్రంగా పెట్టి ‘ఇ’ అనాలి.

ఇంగ్లీషువారు మకార నకారాలను స్పష్టంగా పలికారు. తెలుగూ కన్నడమూ బస్సు, కారు అన్నట్టే చివర ఉకారం చేర్చాయి: అం-బు-లెన్-సు. గురువు, లఘువు, గురువు, లఘువు.

అంటే ఇంగ్లీషువారు చేసిన మార్పునే మనమూ చేశాం. అందులో తప్పేముంది?

మరునాడు ఇదంతా నల్లబల్లమీద రాసి, ఇద్దరిచేతా మూడు విధాలా పలికించాను. ఫ్రెంచి పలుకు ఇద్దరికీ రాలేదు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత పాఠం మొదటివాడే చదివాడు.