డివైస్ ట్రీ ఓవర్‌లే

బోర్డు మీద ఏ చిప్ ఏ చిరునామాలో ఉందో బూట్‌లోడర్‌కు, లైనక్స్ కెర్నల్‌కు తెలిపే డేటా నిర్మాణం డివైస్ ట్రీ. దాని మూల భావన 1994 నాటి ఓపెన్ ఫర్మ్‌వేర్ ప్రమాణంలో ఉంది. ఆ ట్రీకి పైనుంచి అతికే చిన్న భాగమే ఓవర్‌లే. ఒకే మాడ్యూల్‌ను వేర్వేరు క్యారియర్ కార్డుల్లో బిగించే పరికరాలకు ఇది బాగా నప్పుతుంది.

హైదరాబాద్‌లో పెద్ద డిజైన్ కేంద్రం నడిపిన జైలింక్స్ సంస్థ (2022లో ఏఎమ్‌డీలో కలిసింది) తెచ్చిన క్రియా కె26 మాడ్యూల్ ఇందుకు మంచి ఉదాహరణ. 2021లో వచ్చిన ఈ మాడ్యూల్‌పై ప్రాసెసర్, మెమరీ ఉంటాయి. ఈథర్నెట్, యూఎస్‌బీ వంటివి కేవీ260 క్యారియర్ కార్డు మీద ఉంటాయి. రెండింటికీ విడివిడి ఈఈప్రామ్‌లు. యూ-బూట్ అనే బూట్‌లోడర్ వాటిలోని పేరు, రివిజన్ చదివి, బిల్డ్ సమయంలోనే మాడ్యూల్ ట్రీకి క్యారియర్ ఓవర్‌లే కలిపి సిద్ధం చేసిన ట్రీల్లోంచి సరిపోయేదాన్ని ఎంచుకుంటుంది. బూట్ సమయంలోనే కలిపే దారి కూడా యూ-బూట్‌లో ఉంది. అయితే మూల ట్రీని కంపైల్ చేసేటప్పుడు సింబల్స్ పట్టిక ఉంచాలి. లేకపోతే ఓవర్‌లేలోని లేబుళ్లకు ఆధారం దొరకదు. కొత్తవారు తరచూ తడబడేది ఇక్కడే.

ఓవర్‌లే వాడకుండా ప్రతి వేరియంట్‌కూ మొత్తం ట్రీ ఫైలును కాపీ చేసుకోవడం మొదట్లో సులువే. కానీ రెండో రివిజన్ రాగానే ఒకే సవరణ అన్ని కాపీల్లోనూ చేయాల్సి వస్తుంది. ఈఈప్రామ్ ఖాళీగా ఉంటే ఏ ట్రీ తీసుకోవాలో ముందే నిర్ణయించి ఉంచాలి. ఒకే మాడ్యూల్ వేర్వేరు క్యారియర్లలో ఉండటానికి మరో ఉదాహరణ: 2022లో వచ్చిన కేఆర్260 కిట్ కూడా ఇదే కె26 కుటుంబ మాడ్యూల్‌పై నడుస్తుంది.