లెవెల్ సున్నా, మల్లన గారి 64 గళ్ళు

తిరుపతిలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు మా హాస్టల్ రూముకి పట్టిన పిచ్చి పేరు పైథాన్ ఛాలెంజ్. 2005లో మొదలైన ఆట, 33 లెవెళ్ళు. ప్రతి పేజీలో ఓ బొమ్మ, అర్థమయ్యీ కానట్టు ఓ ముక్క. ప్రోగ్రాం రాసి జవాబు పట్టుకుని అడ్రస్ బార్‌లో పెడితే తర్వాతి పేజీ తెరుచుకుంటుంది.

లెవెల్ సున్నాలో అడిగేది 2 పవర్ 38 ఎంత అని. పైథాన్‌లో ఒక్క లైను: 274877906944. అది చూసి చిత్తూరు నుంచి వచ్చిన మా రూమ్మేట్ (పద్యాల పిచ్చోడు) "ఇది చదరంగం బోర్డులో 39వ గడి కదప్పా! మన మల్లన 64 గళ్ళూ కూడేసినాడు" అన్నాడు.

పావులూరి మల్లన 11వ శతాబ్దం వాడని, రాజరాజనరేంద్రుడి కాలం వాడని ఎక్కువమంది చెప్పే మాట. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు చేశాడు. గడిగడికీ రెట్టింపు చేస్తూ పోతే 64 గళ్ళ మొత్తం ఎంతో ఒక చంపకమాలలో చెప్పాడు: 18446744073709551615. మన భాషలో చెప్పాలంటే అన్‌సైన్డ్ 64 బిట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య. అలాగని మనవాళ్ళు అప్పుడే 64 బిట్ కంప్యూటర్ కనిపెట్టారని ఫార్వర్డ్‌లు పంపకండి బాబూ, రెట్టిస్తూ పోతే ఎవరికైనా అదే వస్తుంది.

నాకు నచ్చింది దాచిన పద్ధతి. పద్యంలో అంకె ఒక్కటీ ఉండదు, అన్నీ మాటలే. చంద్రుడంటే 1, వేదాలంటే 4, ఆకాశమంటే 0. పైగా ఒకట్ల స్థానం నుంచి మొదలెట్టి వెనక్కి చదవాలి, అచ్చం లిటిల్ ఎండియన్! సంఖ్యలో 55 వచ్చే చోట బాణానికి ఉన్న రెండు వేర్వేరు పేర్లు వాడాడు, ఎందుకంటే రెండోది సరిగ్గా యతి స్థానంలో పడుతుంది. తిరుపతిలో 1939లో పెట్టిన ప్రాచ్య పరిశోధన సంస్థలో ఉన్నలాంటి తాటాకు ప్రతులన్నీ చేత్తో ఎత్తి రాసినవే. అంకె తప్పు పడితే ఎవడికీ తెలీదు. ఇక్కడ మాట మారితే చాలావరకు గణమో యతో ప్రాసో దెబ్బతిని దొరికిపోతుంది. చెక్‌సమ్ అన్నమాట.

పైథాన్ ఛాలెంజ్ లెవెల్ ఒకటిలో కె అంటే ఎమ్ అని కీ బొమ్మలోనే ఇచ్చేశారు. మల్లన ఆ పద్యంలో ఏ కీ ఇవ్వలేదు. బాణమంటే 5 అని (మన్మథుడివి లెండి) తన పాఠకుడికి తెలుసనుకున్నాడు. నాకు తెలీదు. మా వాడు చెబుతుంటే డిక్షనరీ టైప్ చేసి, లిస్ట్ తిరగేసి, 2 పవర్ 64 మైనస్ 1తో పోల్చాను. ట్రూ అని వచ్చింది. ఆ రాత్రి లెవెల్ ఒకటి జోలికి వెళ్ళనే లేదు.