ఇసుకలో అక్షరం, దూలానికి కోదండం



పోయిన ఉగాదికి మన పిల్లల తెలుగు చదివే పోటీలో మా పిల్లోడు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయి, కాగితం అక్కడే పెట్టి వేదిక దిగి వెళ్ళిపోయింది మీలో చాలామంది చూసినారు. ఆ తర్వాత వాడు బడి మానేసినాడని తెలిసి ఒకరొకరే అడుగుతున్నారు. "ఏమప్పా, పిల్లోడిని ఇంట్లో కూర్చోబెట్టుకున్నావంట?" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ ఒకేసారి రాస్తున్నాను. కొంచెం పొడుగే. మా ఇంటి కథతో పాటు మన బళ్ళారి వీధిబడుల కథ కూడా ఇందులో ఉంటుంది. రెండిటికీ సంబంధం ఉంది, చివరిదాకా చదవండి.

1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఒక ఆజ్ఞ వేసినాడు. ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎంతమంది పిల్లలు చదువుతున్నారు, ఏం చదువుతున్నారు అని లెక్క తీయమని. ఈ మన్రో మనకు కొత్తవాడు కాదు, అంతకుముందు దత్తమండలాలకు కలెక్టరుగా ఉండి మన తాతముత్తాతల భూములకు పన్ను కట్టినవాడే. బళ్ళారి నుంచి జవాబు రాసింది అప్పటి కలెక్టరు ఎ.డి.క్యాంప్‌బెల్. 1816లో తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో రాసినది ఈయనే. 1823 ఆగస్టు 17న ఆయన పంపిన నివేదిక ఇప్పటికీ దొరుకుతుంది.

అందులో లెక్క ఇది. జిల్లా మొత్తానికి 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాటిలో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారశీకం 21, అరవం 4, ఇంగ్లీషు 1. అప్పటి బళ్ళారి జిల్లా అంటే ఆదోని, అనంతపురం వైపు కూడా కలిసి ఉన్నది. అనంతపురం విడిపోయింది 1882లో, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయి మనం మైసూరులో కలిసింది 1953లో. "మీరు ఇక్కడికి ఎప్పుడొచ్చినారు?" అని మనల్ని అడిగేవాళ్ళకు ఈ 226 తెలుగు బడుల లెక్క చూపిస్తే చాలు. కానీ నేను ఈ నివేదిక పట్టుకున్నది అందుకు కాదు.

ఆ బడుల్లో చదువు ఎట్లా చెప్పేవాళ్ళో క్యాంప్‌బెల్ వివరంగా రాసినాడు. పిల్లోడు అయిదో ఏట బడికి వస్తాడు. అక్షరాలు నోటితో వల్లించడంతో మొదలుకాదు. నేల మీద ఇసుక పరిచి, వేలితో దిద్దుతూ నేర్చుకుంటాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెబుతారు. ఈ రెండు పద్ధతులనూ ఆయన మెచ్చుకున్నాడు. అర్థం తెలియకుండా పద్యాలు చిలకల్లా వల్లించడాన్ని తప్పుపట్టినాడు.

అదే నివేదికలో ఇంకో ముక్క ఉంది. పొద్దున అందరికంటే ముందు వచ్చిన పిల్లోడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్ళకు ఒక్కొక్కటి పెరుగుతూ పోతుంది. బద్ధకించే పిల్లోడిని బెత్తంతో కొడతారు, రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీస్తారు, లేదా ఆపకుండా కూర్చొని లేపిస్తారు. మన భాషలో చెప్పాలంటే కోదండం, గుంజీళ్ళు. మీ తాతలు చెప్పే ఉంటారు.

ఒకే బడిలో రెండూ ఉన్నాయి. నేల మీద ఇసుక, దూలానికి తాడు.

ఇసుక సంగతి సముద్రం దాటింది. 1789లో మద్రాసు ఎగ్మోరులో సిపాయిల అనాథ పిల్లల ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే పాదిరీ అధికారిగా వచ్చినాడు. ఒకరోజు గుర్రం మీద పోతూ ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో రాసుకోవడం చూసినాడు. తన ఆశ్రమంలో అదే పెట్టినాడు, పెద్ద పిల్లలతో చిన్నవాళ్ళకు చెప్పించే పద్ధతి కూడా నడిపించినాడు. 1797లో లండనులో దాని మీద పుస్తకం వేసినాడు. దానికి "మద్రాసు పద్ధతి" అని పేరు వచ్చి, ఇంగ్లండులో బీద పిల్లల బడుల్లో ఇసుక బల్లలు పెట్టినారు. మన వీధిబడి పిల్లల వేలు అంత దూరం పోయింది.

ఇక్కడ మాత్రం పలక వచ్చింది, నోటుబుక్కు వచ్చింది, ఇసుక పోయింది. కోదండం కూడా పోయిందనుకుంటాం. తాడు పోయింది నిజమే. తరగతిలో నిలబెట్టి చదివించడం, రాకపోతే నవ్వడం, "మొద్దు" అనడం ఎక్కడికీ పోలేదు.

ఇంక జబ్బు అని మనవాళ్ళు అంటున్న దాని సంగతి. అది జబ్బు కాదు. 1896 నవంబరులో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పెర్సీ అనే పద్నాలుగేళ్ళ పిల్లోడి గురించి రాసినాడు. తెలివైన పిల్లోడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు. ఏళ్ళ తరబడి చెప్పినా చదవడం రాలేదు. తన పేరులోని అక్షరాలే తారుమారు చేసి రాసేవాడు. కానీ పెద్దపెద్ద అంకెలు తడుముకోకుండా చదివేవాడు, లెక్కలు చేసేవాడు. చదువంతా నోటితోనే అయ్యుంటే బడిలో వీడే మొదటివాడు అయ్యుండేవాడని పంతులే అన్నాడంట. జర్మనీలో రుడాల్ఫ్ బెర్లిన్ అనే కంటి డాక్టరు అంతకు కొన్నేళ్ళ ముందే, మెదడు దెబ్బతిని చదవడం పోగొట్టుకున్న పెద్దవాళ్ళ విషయంలో "డిస్‌లెక్సియా" అనే మాట వాడినాడు. పుట్టుకతోనే చదవడం కష్టమయ్యే పిల్లలకు ఆ మాట తర్వాత స్థిరపడింది. లెక్కల్లో వచ్చే ఇలాంటి చిక్కుకు డిస్‌కాల్కులియా అంటారు. 1974లో లాడిస్లావ్ కోస్క్ అనే పరిశోధకుడు దాన్ని విడిగా వివరించినాడు. కొందరికి ఒకటే ఉంటుంది, పెర్సీ లాగా. కొందరికి రెండూ ఉంటాయి, మావాడి లాగా.

దీనికి మందు లేదు, నేర్పే దారి ఉంది. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే డాక్టరు 1925 నుంచి ఈ పిల్లల మీద పనిచేసినాడు. ఆయనతో అన్నా గిల్లింగ్‌హామ్, బెస్సీ స్టిల్‌మన్ అనే టీచర్లు కలిసి 1930లలో ఒక పద్ధతి కట్టినారు. ఒక్కో శబ్దానికి ఒక్కో అక్షరం, వరుసగా, తొందర లేకుండా. కంటితో చూస్తూ, నోటితో పలుకుతూ, చేత్తో దిద్దుతూ. ఈ పద్ధతిలో చెప్పే టీచర్లు ఈనాటికీ ఇసుక పళ్ళెం వాడతారు. అది మన వీధిబడి నుంచే అక్కడికి పోయిందని నేను చెప్పడం లేదు. వాళ్ళ దారిలో వాళ్ళు వచ్చి చేరినారు. కానీ బెంగళూరులో ఆ టీచరమ్మ మావాడి ముందు పళ్ళెంలో ఇసుక పోసినప్పుడు నాకు క్యాంప్‌బెల్ నివేదిక గుర్తొచ్చి నోట మాట రాలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను.

మా చిన్నాయన మూడో తరగతిలో బడి మానేసినాడు. చదివేటప్పుడు ప ని వ అనేవాడంట, ద, ధ, థ ఎప్పటికీ కలిసిపోయేవంట. పంతులు గుంజీళ్ళు తీయించి తీయించి, ఒకరోజు ఇంటికి రాకుండా పారిపోయినాడు. తర్వాత జీన్సు కుట్టే షెడ్డులో చేరి కటింగ్ మాస్టరు అయినాడు. గుడ్డ పరిచి ఒక్క చూపు చూసి, వేస్టు పోకుండా ఎన్ని ప్యాంట్లు వస్తాయో చెప్పేవాడు. ఆయన సంతకం మాత్రం చివరిదాకా వేలిముద్రే. మా ఇంట్లో పెళ్ళిపత్రిక వస్తే చూసినట్టు నటించి పక్కన పెట్టేవాడు. ఆయన్ని మేమంతా మొద్దు చిన్నాయన అనే పిలిచినాం. పిలిచినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మావాడు రెండో తరగతికి వచ్చేసరికి అదే ప, వ. నేను చేసింది కూడా మా చిన్నాయన పంతులు చేసిందే. రాత్రి భోంచేయకుండా కూర్చోబెట్టినాను. రెండుసార్లు చెయ్యి చేసుకున్నాను. బడివాళ్ళు, "వీడి వల్ల తరగతి ఆగిపోతోంది, వేరే బడి చూసుకోండి" అన్నారు. అప్పుడు మా అవ్వ ఒక మాట అనింది: "మీ చిన్నాయన్ను అట్లే పోగొట్టుకున్నాం. వీడిని కూడా పోగొట్టుకుంటావా?" ఆ మాటకే బెంగళూరు పోయి పరీక్ష చేయించినాం. మూడో తరగతి నుంచి ఇంట్లోనే చెబుతున్నాం.

ఎట్లా చెబుతున్నామో రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

మొదట చేసింది లిపుల గొడవ తగ్గించడం. బడిలో కన్నడం, ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. కన్నడం, తెలుగు అక్షరాలు అన్నదమ్ముల్లా ఉంటాయి, తలకట్టు దగ్గర వేరు. మనకు అది సులువు, వాడికి అదే చిక్కు. అందుకే ఒక ఏడాది తెలుగు ఒక్కటే చదివించినాం, మిగతావి నోటితోనే. తెలుగులో ఒక మేలుంది. అక్షరం ఎక్కడున్నా దాదాపు ఒకే శబ్దం పలుకుతుంది, ఇంగ్లీషులా మాట మాటకూ మారదు. చిక్కు ఏమంటే రూపాలు ఎక్కువ. అందుకని గుణింతం మొత్తం ఒకేసారి వల్లింపజేయలేదు. క, కా, కి మూడే. పళ్ళెంలో ఇసుక, వేలితో దిద్దడం, పలకడం. అవి గట్టిపడినాక ఆ గుర్తులతోనే మ, త, ల. ప, వ ఒకేరోజు ఎప్పుడూ చెప్పలేదు. ఒకటి బాగా కుదిరినాక, కొన్ని వారాలకు రెండోది. ఒత్తులు ఏడాది తర్వాతే ముట్టుకున్నాం. పూటకు 20 నిమిషాలు, అంతకు మించి లేదు.

లెక్కలకు చీపురుపుల్లలు. పదేసి పుల్లలు రబ్బరు వేసి కట్టలు కట్టించినాం. 17కూ 71కీ తేడా వాడికి కాగితం మీద తెలిసేది కాదు. ఒక కట్ట ఏడు పుల్లలు, ఏడు కట్టలు ఒక పుల్ల అని చేతిలో పెడితే తెలిసింది. పదిహేడు అన్న మాటలోనే ముందు పది, తర్వాత ఏడు ఉన్నాయి, రాసే వరుస కూడా అదే. ఇంగ్లీషు సెవెంటీన్‌లో ముందు ఏడు వినబడుతుంది. అందుకే లెక్క తెలుగులోనే చెబుతున్నాం.

ఎక్కాలు వల్లించడం వాడి వల్ల కాలేదు. రెండో ఎక్కం, అయిదో ఎక్కం, పదో ఎక్కం మాత్రం చింతపిక్కలతో నేర్పినాం. ఏడు ఆర్లు కావాలంటే అయిదు ఆర్లు 30, రెండు ఆర్లు 12, కలిపితే 42. నిదానంగా చేస్తాడు, కానీ చేస్తాడు. సాయంత్రం అవ్వతో వామనగుంటలు ఆడతాడు. రెండు వరుసల్లో ఏడేడు గుంటలు, ఒక్కో గుంటలో ఎన్ని పిక్కలున్నాయో ఇప్పుడు లెక్కపెట్టకుండా చూపుతోనే చెబుతున్నాడు. భిన్నాలు కూడా అవ్వే చెప్పింది. కాగితం మడిచి అర, పావు, ఇంకా మడిచి వీసం దాకా తెచ్చింది. పదహారో వంతు, రూపాయిలో అణా.

ఇంతా చేసి వాడు మీ పిల్లల వేగంతో చదువుతాడని అనుకోవద్దు. చదవడు. ఇప్పుడు ఒక పేజీ కథ తనంతట తాను చదువుతాడు, చదివింది తిరిగి చెబుతాడు. మాకు అది చాలు. ఇల్లే మంచి బడి అని కూడా నేను అనను. మా ఇంట్లో అవ్వ ఉంది, మా ఆమె పొద్దున పని మానుకొని కూర్చుంటోంది. అది అందరికీ కుదరదు. తోటి పిల్లల లోటు మావాడికీ ఉంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు చేర్చినారు, చదవడం, రాయడం, లెక్కలలో వచ్చే ఈ చిక్కులు కూడా అందులో ఉన్నాయి. ఇలాంటి పిల్లలను తొందరగా గుర్తించి సాయం చేయడం బడి బాధ్యత అని అందులోనే ఉంది. పరీక్షలో ఎక్కువ సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి అడగొచ్చు. ఇంట్లో చదివే పిల్లలు పద్నాలుగేళ్ళు నిండినాక ఎన్ఐఓఎస్‌లో పదో తరగతి పరీక్ష రాయొచ్చు. మద్రాసులో, ముంబైలో ఈ పిల్లల కోసం 1990లలోనే సంఘాలు పెట్టినారు. షోలాపూరు, చెన్నై వైపు ఉన్న మనవాళ్ళు అక్కడ అడిగి చూడండి.

ఇక మన సంఘానికి నా మనవి రెండు మాటలు. ఒకటి, వచ్చే ఉగాదికి పిల్లల చేతికి కొత్త కాగితం ఇచ్చి చదివించే పోటీ మానేద్దాం. కథ చెప్పే పోటీ పెడదాం, ఇష్టమున్నవాళ్ళు చదువుతారు. రెండు, ఆదివారం తెలుగు తరగతిలో ఒక మూల నాలుగు ఇసుక పళ్ళేలు పెడదాం. ఇసుక నేను తెస్తాను.

మా చిన్నాయన పోయి ఆరేళ్ళయింది. ఆయన కత్తెర మా ఇంట్లోనే ఉంది. పోయిన వారం మావాడు దాని పిడి మీద చెక్కిన అక్షరాలు వేలితో తడుముతూ కూడబలుక్కొని చదివినాడు. అది చిన్నాయన పేరే. షెడ్డులో ఎవరో చెక్కి ఇచ్చినారంట. ఆయన బతికున్నన్నాళ్ళూ అది పట్టుకొనే పనిచేసినాడు, దాని మీద ఏముందో ఎప్పుడూ చదవలేదు.