హిల్‌బ్రో నవల, మన గీబత్

దక్షిణాఫ్రికా రచయిత ఫస్వానె ఎంపె రాసిన ‘వెల్‌కమ్ టు అవర్ హిల్‌బ్రో’ 2001లో వచ్చిన చిన్న నవల. ఎయిడ్స్ నవల కదా, ఆస్పత్రి మంచాలూ ఆఖరి దువాలూ ఉంటాయనుకుని తెరిచాను. ఇందులో మందుల కన్నా మాటలెక్కువ. ఊరి మాటలు. మన జుబాన్‌లో చెప్పాలంటే గీబత్, బుహ్తాన్.

హిల్‌బ్రో జొహానెస్‌బర్గ్‌లో ఓ మొహల్లా. రోజీ కోసం పల్లెల నుంచి, ఆఫ్రికాలోని ఇతర ముల్కుల నుంచి వచ్చినవాళ్లు ఎత్తైన బిల్డింగుల్లో కిక్కిరిసి బతికే చోటు. ఆ పరదేశీలను అక్కడ ఈసడింపుగా ‘మక్వెరెక్వెరె’ అంటారు. బీమారీ తెచ్చింది వాళ్లేనని తిరగలాంగ్ అనే పల్లె ఫైసలా చేసేస్తుంది. కథానాయకుడు రెఫెంట్షె ఖుద్‌కుషీ చేసుకుని అప్పటికే దునియా వదిలేశాడు. కథ చెప్పే గొంతు ఆ చనిపోయినవాణ్ణే ‘నువ్వు’ అని పిలుస్తూ సాగుతుంది. చదువుతుంటే ఖబర్ పక్కన కూర్చుని వింటున్నట్టుంటుంది.

రెఫిల్వే ఒకప్పుడు అతన్ని ప్రేమించిన పిల్ల. అతని కొత్త స్నేహితురాలి మీద ఊళ్లో లేనిపోని ఖిస్సాలు పుట్టిస్తుంది. తర్వాత చదువుకని ఆక్స్‌ఫర్డ్ వెళ్లి, ఓ నైజీరియా యువకుణ్ణి ఇష్టపడుతుంది. ఇద్దరికీ హెచ్ఐవీ అని తేలుతుంది. చావడానికి ఊరికి తిరిగొచ్చేసరికి, ఊరి నోట్లో ఖిస్సా తనే.

ఇక్కడ నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. సూరె హుజురాత్ గీబత్‌ను దేనితో పోల్చిందో మనకు చిన్నప్పుడే సబక్ చెప్పారు. అయినా మయ్యత్ ఇంట్లో కూడా మన గుసగుసలు ఆగవు.

ఆ జమానా తెలిస్తే నవలలోని కోపం ఇంకా అర్థమవుతుంది. హెచ్ఐవీ వల్లే ఎయిడ్స్ వస్తుందా అని సాక్షాత్తూ సదర్ థాబో ఎంబెకీయే షక్ పడుతున్న రోజులవి. మందులు ఉన్నాయి, కానీ ఏడాదికి పది వేల డాలర్ల పైమాటే. గరీబులకు ఎక్కడ నసీబ్? 2001 ఫిబ్రవరిలో ముంబయి సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్, మూడు మందుల ఇలాజ్‌ను ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానన్నాడు. రోజుకు ఒక్క డాలర్ కూడా కాదు! 1935లో ఆ కంపెనీని పెట్టింది ఆయన వాలిద్ ఖ్వాజా అబ్దుల్ హమీద్. మన మదర్సాల్లో, స్కూళ్లలో ఈ బాప్‌బేటాల పేర్లు ఎందుకు వినబడవో నాకు అర్థం కాదు.

కేప్‌టౌన్‌లో ముస్లిం ఖాందాన్‌లో పెరిగిన జాకీ అఖ్మత్ హెచ్ఐవీతో బతుకుతూనే, సర్కారీ దవాఖానాల్లో అవామ్‌కు అందేదాకా ఆ మందులు తానూ మింగనని జిద్ పట్టాడు. 2002లో మండేలా స్వయంగా ఇంటికొచ్చి నచ్చజెప్పినా వినలేదు. అదే నగరంలో ఆలిమ్ ఫరీద్ ఇసాక్, సాథీలతో కలిసి 2000లో ‘పాజిటివ్ ముస్లిమ్స్’ మొదలుపెట్టాడు. రోగం ఎలా వచ్చిందని ముందు నిలదీయకుండా రెహమ్‌తో దగ్గరికి తీసుకోవాలన్నది వాళ్ల తరీఖా. జుమా ఖుత్బాల్లో ఎయిడ్స్‌ను అజాబ్ అని గద్దించేవాళ్లకు అది మింగుడుపడని మాట.

ఎంపె 2004 డిసెంబరులో, 34 ఏళ్లకే ఇంతెఖాల్ అయ్యాడు. ఈ ముచ్చట ఇంట్లో చెబితే, నవలలో ఏముందని ఎవరూ అడగలేదు. ‘ఏ బీమారీతో పోయాడట?’ అన్నారు.