మచ్చలేని తల్లి: దేశమూర్తి చిత్రణలో యుద్ధస్మృతి

దేశాన్ని మనిషిగా గీసినప్పుడు, ఆ దేశానికి తగిలిన యుద్ధగాయాలు బొమ్మలో ఎక్కడ నిలుస్తాయి? ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న ఇది. హిమారుయా హిదెకాజ్ గీసిన జపాన్ కామిక్స్ ‘హెటాలియా’లో జవాబు సూటిగా దొరుకుతుంది. వెబ్ కామిక్‌గా మొదలై 2008లో పుస్తకంగా వచ్చిన ఈ ధారావాహికలో దేశాలే పాత్రలు. జపాన్ వేసిన కత్తివేటు చైనా పాత్ర వీపు మీద మచ్చగా మిగిలింది. అక్కడ చరిత్రను ఒంటి మీదే చదువుకోవచ్చు.

ఇప్పుడు కృష్ణా డెల్టా కూడళ్లలోని తెలుగు తల్లిని చూద్దాం. ఒక చేత పంట కంకులు, మరో చేత నిండు కుంభం. ఒంటి మీద ఎక్కడా గాటు లేదు. ఈ తల్లిని జనం నోట నిలిపిన పాటను శంకరంబాడి సుందరాచారి 1942లో రాశారు. టంగుటూరి సూర్యకుమారి గొంతులో అది గ్రామఫోన్ రికార్డుగా వ్యాపించింది. రెండో ప్రపంచయుద్ధం సాగుతున్న ఆ ఏడాదే ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. బర్మా జపాన్ వశం కావడంతో రంగూన్ బియ్యం రాక ఆగిపోయింది. బర్మాకు కూలికి వెళ్లిన తెలుగువాళ్లు ఎందరో అడవిదారుల్లో కాలినడకన వెనక్కి బయలుదేరారు. పాటలో కృష్ణా గోదావరులున్నాయి, అమరావతి ఉంది, రుద్రమ్మ, తిమ్మరుసు, కృష్ణరాయలు ఉన్నారు. యుద్ధం మాత్రం లేదు.

దీన్ని మరుపు అనలేం. విరిగిన విగ్రహాన్ని పూజలో ఉంచకపోవడం మన ఆచారం. తల్లిగా కొలిచే మూర్తికి మచ్చ పెట్టడానికి చిత్రకారుడికి చెయ్యి రాదు. అందుకే గాయం ఒంటిని వదిలి చేతిలోకి వస్తుందని నా ప్రతిపాదన. అవనీంద్రనాథ్ ఠాగూర్ భారతమాతను గీసిన 1905లోనే బెంగాల్‌ను రెండుగా చీల్చారు. ఆమె దేహం మాత్రం చీలలేదు. నాలుగు చేతుల్లో పుస్తకం, వరి కంకులు, వస్త్రం, జపమాల ఉన్నాయి. పరాయి పాలనలో జనానికి కరువైన చదువు, తిండి, బట్ట ఆమె చేతికొచ్చాయి. బియ్యానికి కటకటలాడిన యుద్ధకాలపు పాటలో బంగారు పంటల ఊసునూ, తర్వాత వెలసిన విగ్రహాల చేతిలోని కంకులనూ ఇలాగే చదవాలి. తెలంగాణ ఉద్యమం కూడా తన గాయాన్ని చెప్పుకోవడానికి పాత మూర్తికి గాటు పెట్టలేదు. బతుకమ్మను చేతికిచ్చి వేరే తల్లిని నిలిపింది.

కార్టూన్‌కు పూజ లేదు. కాబట్టి గాయాన్ని గాయంగా గీసే స్వేచ్ఛ కార్టూనిస్టుకే ఎక్కువ. ఈ ప్రతిపాదన నిలుస్తుందో లేదో తేల్చవలసింది అక్కడే. యుద్ధకాలంలో బెజవాడ నుంచి వెలువడిన ‘ప్రజాశక్తి’, బందరు ‘కృష్ణా పత్రిక’ సంచికల్లోని బొమ్మలను ఏడాదివారీగా సేకరించి, స్కాన్ చేసి భద్రపరచాలి. పాత కాగితం ఏటా పొడిబారి విరిగిపోతోంది. విజయవాడ, మచిలీపట్నం గ్రంథాలయాలూ విశ్వవిద్యాలయ తెలుగు శాఖలూ కలిసి ఈ పనికి వెంటనే పూనుకోవాలి.