పందుంపుల్ల నుంచి పాపాయి బ్రష్ దాకా



ఆదివారం తెలుగు తరగతికి వచ్చే మూడు నాలుగేళ్ళ పిల్లలకు పళ్ళు తోముకోవడం నేర్పుదామంటే, "అది కూడా సంఘం పనేనా?" అని కొందరు నవ్వారు. ఆ పని వెనక ఎంత చరిత్ర ఉందో కాస్త చెప్పుకుందాం.

సుశ్రుత సంహితలో పందుంపుల్లకు కొలత కూడా ఉంది. 12 అంగుళాల పొడవు (ఇక్కడ అంగుళమంటే వేలి వెడల్పు), చిటికెన వేలంత లావు. చేదులో వేప, వగరులో చండ్ర, కారంలో కానుగ మేలన్నారు. చరక సంహిత ఇంకో మాట చెప్పింది: రోజుకు రెండు పూటలా తోముకోవాలి, చిగుళ్ళు గాయపడకూడదు. రాత్రి తోముకోవడం ఇంగ్లీషు డాక్టర్లు తెచ్చిన అలవాటని మనలో చాలామంది అనుకుంటారు. కాదు. అది మనదే, మధ్యలో మనమే ఒక పూట వదిలేశాం.

తర్వాత పొడులు వచ్చాయి. ఇంట్లో బొగ్గు, ఉప్పు, కచ్చిక బూడిద. బజారులో డబ్బా పొడులు. మైసూరు సీమలో నంజనగూడు పళ్ళపొడి ఇంటింటి పేరు. నైలాన్ కుచ్చు బ్రష్ అమెరికాలో 1938లో అమ్మకానికొచ్చింది, మన ఇళ్ళకు చేరేసరికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

పుల్ల పోయింది, పొడి పోయింది. వాటితోపాటు ఇంకొకటి కూడా పోయింది. అప్పట్లో నూతి గట్టు దగ్గర తాత పుల్ల నములుతుంటే మనవడు పక్కనే కూర్చుని నమిలేవాడు. తాత పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకుంటే వాడూ గీసుకునేవాడు. పాఠం లేదు, బెత్తం లేదు, చూసి నేర్చుకోవడమే. ఇప్పుడు బ్రష్ చేతికిచ్చి "వెళ్ళు, తోముకో" అంటున్నాం.

చూసి నేర్చుకోవడంలో ప్రమాదమూ ఉంది. ఒడిశాలో ఉంటున్న మనకు గుడాఖు సంగతి వేరే చెప్పక్కర్లేదు. పొగాకు, బెల్లం మడ్డి కలిపిన ముద్ద అది. పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు వాడకూడదని 1992లో కేంద్రం నిషేధించింది. అయినా ఎన్నో ఇళ్ళ గూట్లో ఆ డబ్బా కనిపిస్తూనే ఉంది. మామ్మ పొద్దున్నే వేలితో చిగుళ్ళకు రాసుకుంటుంటే పక్కనున్న మూడేళ్ళ పిల్ల ఏం నేర్చుకుంటుందో ఆలోచించండి.

"పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అనేవాళ్ళకు ఒక మాట. ఆ 20 పళ్ళూ వెనక రాబోయే పళ్ళకు చోటు కాపాడతాయి. ఇంకోటి, ఆరో ఏట ఏ పన్నూ ఊడకుండానే చివర కొత్త దవడపన్ను వస్తుంది. పాలపన్నే అనుకుని వదిలేస్తాం. అది జన్మంతా ఉండాల్సిన పన్ను.

చేయాల్సింది కష్టమేమీ కాదు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు బఠాణీ గింజంత పేస్టు చాలు, మింగకుండా ఉమ్మించాలి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా చేయి సరిగ్గా తిరగదు కాబట్టి వాళ్ళు తోముకున్నాక పెద్దవాళ్ళు మళ్ళీ ఒకసారి తోమాలి. రాత్రి తోమాక పాలసీసా, బిస్కెట్టు వద్దు.

వచ్చే ఆదివారం పిల్లలతోపాటు తాతలు, మామ్మలు కూడా బ్రష్ తెచ్చుకోండి. పక్కన కూర్చుని తోముకుందాం. గుడాఖు డబ్బా ఉన్నవాళ్ళు దాన్ని ఇంట్లో కాదు, చెత్తబుట్టలో వదిలి రండి.