మిక్ జన్యువు – ఎలుకల్లో కాలేయ క్యాన్సర్

మిక్ అనేది కణాల పెరుగుదలను, విభజనను నియంత్రించే జన్యువు. అదుపు తప్పితే క్యాన్సర్‌ను ప్రేరేపిస్తుంది కాబట్టి దీన్ని ఆంకోజీన్‌గా వర్గీకరించారు. కోళ్లలో క్యాన్సర్ కలిగించే ఎంసీ29 వైరస్‌పై జరిగిన పరిశోధనల్లో ఇది తొలిసారి బయటపడింది. మనుషుల్లో 8వ క్రోమోజోము మీద, చిట్టెలుకల్లో 15వ క్రోమోజోము మీద ఉంటుంది.

పనితీరు

మిక్ ప్రొటీన్ మాక్స్ అనే మరో ప్రొటీన్‌తో జతకట్టి డీఎన్‌ఏను అంటిపెట్టుకుంటుంది. రైబోజోముల తయారీ, శక్తి వినియోగం, కణ విభజనలకు సంబంధించిన అనేక జన్యువులను ప్రభావితం చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో దీని మోతాదు తక్కువ. కాలేయంలో కొంత భాగాన్ని తొలగించినప్పుడు, మిగిలిన భాగం తిరిగి పెరిగే తొలి దశలో ఎక్కువై మళ్లీ తగ్గిపోతుంది. కణితుల్లో ఈ తగ్గుదల కనిపించదు.

ఎలుకలపై ప్రయోగాలు

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డీన్ ఫెల్షర్ బృందం కాలేయ కణాల్లో మాత్రమే మానవ మిక్ పనిచేసే ఎలుకలను ఉపయోగించింది. డాక్సీసైక్లిన్ ఇస్తున్నంత కాలం ఆ జన్యువు ఆగి ఉంటుంది. మందు మానేస్తే పని మొదలుపెడుతుంది.

జన్యువును ఎప్పుడు మేల్కొలిపారన్నది ఫలితాన్ని మార్చింది. పిండ దశలోనో పుట్టిన కొత్తలోనో పనిచేయిస్తే కణితులు త్వరగా వచ్చాయి. ఎదిగిన ఎలుకల్లో చాలా ఆలస్యమైంది: కణాలు ఉబ్బి, డీఎన్‌ఏ రెట్టింపైనా విభజన మాత్రం సాగలేదు. అంటే మిక్ ఒక్కటే సరిపోదు, కణం ఏ స్థితిలో ఉందన్నదీ ముఖ్యమే. మిక్‌కు టీజీఎఫ్-ఆల్ఫా అనే వృద్ధి కారకం తోడైన ఎలుకల్లో క్యాన్సర్ మరింత వేగంగా వచ్చినట్లు అంతకుముందే వేరే ప్రయోగాల్లో తేలింది.

జన్యువును ఆపితే

మిక్‌ను ఆపగానే కణితులు కుంచించుకుపోయాయని ఇదే బృందం 2004లో నేచర్ పత్రికలో వెల్లడించింది. క్యాన్సర్ కణాలు పెద్ద ఎత్తున మామూలు కాలేయ కణాలుగా, పిత్తనాళ కణాలుగా పరిణతి చెందాయి. అయితే వాటిలో కొన్నింటికి క్యాన్సర్ స్వభావం పూర్తిగా పోలేదు. మిక్‌ను తిరిగి పనిచేయించగానే కణితులు మళ్లీ పెరిగాయి.

మానవ వ్యాధితో సంబంధం

మనుషుల కాలేయ క్యాన్సర్‌లో మిక్ ఉండే 8వ క్రోమోజోము పొడవు భుజం అదనపు ప్రతులు తరచుగా కనిపిస్తాయి. మిక్ ప్రొటీన్‌లో మందు అణువు ఇమిడేందుకు అనువైన లోతైన చోటు లేకపోవడంతో దాన్ని నేరుగా అడ్డుకోవడం కష్టం. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మద్యం, అఫ్లటాక్సిన్ వంటి కారణాలతో ఏళ్ల తరబడి దెబ్బతిన్న మానవ కాలేయానికీ ఈ ఎలుకల కాలేయానికీ తేడా ఉంది. అందువల్ల ఈ ఫలితాలను యథాతథంగా మనుషులకు అన్వయించలేం.